పువ్వు పుట్టగానే పరిమళిస్తుందా?

మైనర్ లీగ్ బేస్‌బాల్‌లో రేపటి ఆటగాడిని ఈరోజే గుర్తించడంపై ఒక సమీక్ష

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో మన తెలుగువాళ్ళకు పరాయి ఊరేమీ కాదు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఆ ఊరికి రఫ్‌రైడర్స్ అనే బేస్‌బాల్ జట్టు ఉంది. అది టెక్సస్ రేంజర్స్‌కు అనుబంధ జట్టు, డబుల్-ఎ స్థాయిలో ఆడుతుంది. ఇలాంటి జట్టు ఆడే ఏ మైదానంలోనైనా హోమ్ ప్లేట్ వెనక వరసల్లో ఒకరిద్దరు మనుషులు కనిపిస్తారు. హోమ్ రన్ కొట్టినా లేచి నిలబడరు, చప్పట్లు కొట్టరు. చేతిలో స్టాప్‌వాచ్, పక్కన రాడార్ గన్, ఒళ్ళో నోట్‌బుక్. వాళ్ళు స్కౌట్లు. ఆ సాయంత్రం ఎవరు గెలుస్తారన్నది వాళ్ళకు ముఖ్యం కాదు. ఎదురుగా ఉన్న ఇరవై ఏళ్ళ కుర్రాడు నాలుగేళ్ళ తర్వాత ఎలా ఆడతాడో ఈ పూటే చూడాలని వాళ్ళ ప్రయత్నం.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మన సామెత. బేస్‌బాల్‌లో ఈ సామెతను నమ్మి కోట్ల డాలర్లు పెట్టిన జట్లున్నాయి, నమ్మి నష్టపోయిన జట్లూ ఉన్నాయి. మైనర్ లీగ్‌లో రాణించే కుర్రాడు మేజర్ లీగ్‌లో నిలుస్తాడో లేదో ముందే చెప్పగలమా? చెప్పగలిగితే దేన్ని చూసి చెప్పాలి? నూరేళ్ళుగా సాగుతున్న ఈ ప్రశ్నకు ఇప్పటిదాకా వచ్చిన జవాబులను ఒకచోట పెట్టి తూచి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నిచ్చెన, దాని మెట్లు

1920లలో సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టును నడిపిన బ్రాంచ్ రికీ ఈ ఏర్పాటుకు మూలపురుషుడు. డబ్బున్న జట్లతో పోటీపడి పేరున్న ఆటగాళ్ళను కొనలేక, చిన్న ఊళ్ళ జట్లను చేతిలోకి తెచ్చుకుని కుర్రాళ్ళను తానే పెంచడం మొదలుపెట్టాడు. నారు పోసి పెంచే పద్ధతి కాబట్టి దానికి ఫార్మ్ సిస్టమ్ అనే పేరు స్థిరపడింది. మిగతా జట్లన్నీ అదే దారి పట్టాయి.

ఇప్పుడు మేజర్ లీగ్ జట్లు 30. ఒక్కోదానికి నాలుగేసి చొప్పున 120 అనుబంధ జట్లు. కింది నుంచి సింగిల్-ఎ, హై-ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ. వీటికీ కింద ఆరిజోనా, ఫ్లోరిడా శిక్షణ కేంద్రాల్లోనూ, డొమినికన్ రిపబ్లిక్‌లోనూ ఇంకా లేత వయసు కుర్రాళ్ళు ఆడే లీగులున్నాయి. అమెరికాలో ఒక్కో సంస్థ 165 మంది దాకా మైనర్ లీగ్ ఆటగాళ్ళను ఉంచుకోవచ్చు. అంటే మొత్తం ఐదు వేలకు దగ్గర. పైన మేజర్ లీగ్‌లో ఉన్న చోట్లు జట్టుకు 26 చొప్పున 780. ఆ 780లో కూడా చాలావాటిలో ఇప్పటికే ఎవరో ఒకరు పాతుకుపోయి ఉంటారు.

అందుకే ఈ అంచనా ఒక మనిషి బతుకుతో ముడిపడ్డ విషయం. 2023లో ఆటగాళ్ళ సంఘం తొలిసారి మైనర్ లీగ్ కుర్రాళ్ళ తరఫున ఒప్పందం కుదిర్చింది. ట్రిపుల్-ఎ ఆటగాడి ఏడాది కనీస జీతం 17,500 డాలర్ల నుంచి 35,800కు పెరిగింది. అదే ఏడాది మేజర్ లీగ్ కనీస జీతం 7,20,000 డాలర్లు. ఒక్క మెట్టు తేడాకు ఇరవై రెట్లు. స్కౌట్ నోట్‌బుక్‌లో రాసే ఒక అంకె ఈ తేడాను తేల్చేస్తుంది.

కన్ను చెప్పేది

పాత స్కౌట్ల పద్ధతి చూపు మీద నిలబడింది. బ్యాటర్‌లో ఐదు గుణాలు చూస్తారు: బంతిని తగిలించే నేర్పు, దాన్ని దూరం పంపే బలం, పరుగు, ఫీల్డింగ్, విసిరే చెయ్యి. ఒక్కోదానికి 20 నుంచి 80 లోపు మార్కు వేస్తారు. 50 అంటే మేజర్ లీగ్ సగటు. 60 అంటే సగటు కంటే స్పష్టంగా మెరుగు. 80 అంటే తరానికి కొద్దిమందికే దక్కేది. ప్రతి గుణానికీ రెండు మార్కులుంటాయి, ఒకటి ఇవాళ్టిది, రెండోది ఎదిగాక ఉండబోయేది. కుర్రాడి బలానికి ఇవాళ 30, రేపు 60 అని రాసిన స్కౌట్ అతని భుజాల వెడల్పును, నడుమును, కొన్నిసార్లు పక్కన నిలబడ్డ తండ్రి ఒడ్డూపొడుగునూ చూసి ఆ మాట అంటున్నాడు.

ఇందులో కొన్ని గట్టి కొలతలే. కుడిచేతి బ్యాటర్ బంతి కొట్టి మొదటి బేస్ చేరడానికి సగటున 4.3 సెకన్లు పడుతుంది. క్యాచర్ బంతి అందుకుని రెండో బేస్‌కు చేర్చడానికి 2 సెకన్లు. స్టాప్‌వాచ్ వీటి విషయంలో అబద్ధం చెప్పదు. బంతిని తగిలించే నేర్పు దగ్గరే చిక్కు వస్తుంది. ఐదింటిలో ముఖ్యమైనది అదే, ముందుగా చెప్పడానికి అన్నిటికంటే కష్టమైనదీ అదే. గంటకు 95 మైళ్ళ బంతి పిచర్ చేతి నుంచి ప్లేట్ చేరడానికి దాదాపు 0.4 సెకను. ఆ లోపు అది నేరుగా వస్తోందా, పక్కకు జారుతోందా, కొట్టాలా, వదలాలా అన్నది తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడం కుర్రాడి కంటికీ మెదడుకూ మధ్య జరుగుతుంది. బయటి నుంచి చూసేవాడికి దాని ఫలితమే కనిపిస్తుంది.

కన్ను సాధించిన విజయాలు గొప్పవి. 1954లో బ్రూక్లిన్ డాడ్జర్స్ సంస్థ రొబెర్టో క్లెమెంటే అనే ప్యూర్టో రికో కుర్రాడిని తన మాంట్రియల్ అనుబంధ జట్టులో ఉంచి, మిగతా జట్ల కంట పడకుండా తక్కువగా ఆడించిందని చెబుతారు. పిట్స్‌బర్గ్ పైరేట్స్ స్కౌట్ క్లైడ్ సుకెఫోర్త్ అక్కడికి జో బ్లాక్ అనే పిచర్‌ను చూడడానికి వెళ్ళాడు. ఆటకు ముందు సాధనలో రైట్ ఫీల్డ్ నుంచి క్లెమెంటే విసిరిన బంతులు చూసి ఆగిపోయాడు. ఆ ఏడాది నవంబరులో, ఇతర సంస్థల మైనర్ లీగ్ ఆటగాళ్ళను తీసుకునే ఎంపికలో పైరేట్స్ క్లెమెంటేను ఎంచుకున్నారు. అతను సరిగ్గా 3,000 హిట్లు కొట్టాడు. 1954 ఆట లెక్కలు మాత్రమే చూసి ఉంటే అతని పేరు ఎవరికీ తట్టేది కాదు.

కన్ను తప్పిన సందర్భాలూ అంతే పెద్దవి. కొత్త కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1980లో న్యూయార్క్ మెట్స్ మొదటి రౌండ్‌లో తీసుకున్న బిల్లీ బీన్‌లో స్కౌట్లు కోరుకునే గుణాలన్నీ ఉన్నాయి. మేజర్ లీగ్‌లో అతను ఆడింది 148 ఆటలు, బ్యాటింగ్ సగటు .219. ఇంకోవైపు మైక్ పియాజాను 1988లో 62వ రౌండ్‌లో, 1,390వ పేరుగా డాడ్జర్స్ తీసుకున్నారు. అదీ మేనేజర్ టామీ లసోర్డా, పియాజా తండ్రి స్నేహితులు కావడం వల్ల. పియాజా 427 హోమ్ రన్లు కొట్టి 2016లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. వెనిజులాలో హోసె అల్టువేను చూసినవాళ్ళు ముందు అతని ఎత్తు చూశారు: ఐదడుగుల ఆరంగుళాలు. హ్యూస్టన్ ఆస్ట్రోస్ 15,000 డాలర్లకు అతన్ని తీసుకుంది. 2017లో అతను అమెరికన్ లీగ్ అత్యుత్తమ ఆటగాడు.

ఈ మూడు కథల్లో కన్ను ఒకే రకంగా తప్పింది. ఆటగాడు ఎలా కనిపించాలన్న బొమ్మ ముందే మనసులో ఉంది. బీన్ ఆ బొమ్మకు సరిపోయాడు, పియాజా, అల్టువే సరిపోలేదు. బొమ్మను చూసినవాళ్ళు ఆటను చూడలేదు.

అంకె చెప్పేది

1985లో బిల్ జేమ్స్ ఒక కొత్త మాట ముందుకు తెచ్చాడు. మైనర్ లీగ్ గణాంకాలను లీగు స్థాయికీ, మైదానానికీ తగినట్టు సవరిస్తే, అవి మేజర్ లీగ్ గణాంకాలంత నమ్మకంగానే భవిష్యత్తును చెబుతాయని అతని వాదన. కింది లీగుల లెక్కలకు విలువ లేదని కొట్టిపారేసే రోజుల్లో అది పెద్ద మాటే. మైకేల్ లూయిస్ 2003లో రాసిన 'మనీబాల్' పుస్తకంతో ఈ ఆలోచన లోకమంతా తెలిసింది. ఓక్లాండ్ జట్టు జనరల్ మేనేజర్‌గా ఆ ఆలోచనకు ముఖంగా నిలిచినవాడు ఆ బిల్లీ బీనే. తన విషయంలో కన్ను చేసిన తప్పు అతనికి అనుభవంలో తెలుసు.

అయితే సవరించకుండా చదివిన అంకె నిండా ముంచుతుంది. ఆల్బకర్కీ నగరం సముద్రమట్టానికి ఐదు వేల అడుగుల ఎత్తున ఉంది. గాలి పలచన కాబట్టి బంతి దూరం పోతుంది. అక్కడి హోమ్ రన్, సముద్రం పక్కన బరువైన గాలిలో కొట్టిన హోమ్ రన్ ఒకటి కావు. 2005లో ఏంజెల్స్ సంస్థ కుర్రాడు బ్రాండన్ వుడ్ బ్యాటర్లకు అనుకూలమైన కాలిఫోర్నియా లీగ్‌లో 43 హోమ్ రన్లు కొట్టాడు. మరుసటి ఏడాది 'బేస్‌బాల్ అమెరికా' పత్రిక అతన్ని దేశంలో మూడో ఉత్తమ కుర్రాడిగా లెక్కించింది. మేజర్ లీగ్‌లో అతని సగటు .186, హోమ్ రన్లు మొత్తం 18. ఆ 43 పక్కనే అతను స్ట్రయిక్ అవుటైన సంఖ్య కూడా పెద్దదిగానే ఉంది. అది చిన్న అక్షరాల్లో రాసినట్టు చాలామందికి కనిపించలేదు.

అంకెల్లో దేనికి ఎక్కువ విలువ ఇవ్వాలో ఇప్పుడు కొంత స్పష్టత వచ్చింది. అన్నిటికంటే ముందు వయసు. డబుల్-ఎలో ఆడేవాళ్ళు ఎక్కువగా ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళవాళ్ళు. అక్కడ ఇరవై ఏడేళ్ళవాడు .300 కొట్టడం, ఇరవై ఏళ్ళవాడు .270 కొట్టడం పక్కపక్కన పెడితే రెండోదానిదే బరువు. హువాన్ సోటో 2018ని సింగిల్-ఎలో మొదలుపెట్టి, డబుల్-ఎలో కేవలం 8 ఆటలు ఆడి, మే 20న వాషింగ్టన్ తరఫున మేజర్ లీగ్‌లో దిగాడు. వయసు 19. ఆ ఏడాది .292 సగటుతో 22 హోమ్ రన్లు కొట్టాడు. తనకంటే నాలుగైదేళ్ళు పెద్దవాళ్ళ మధ్య ఆడుతూ కూడా వదలాల్సిన బంతిని వదలడం అతనికి చేతనైంది.

రెండోది స్ట్రయిక్ అవుట్లకూ వాక్‌లకూ (నాలుగు చెడ్డ బంతులు వదిలి మొదటి బేస్ పొందడం) ఉన్న నిష్పత్తి. హిట్లలో అదృష్టం పాలుంటుంది, ఫీల్డర్ రెండడుగులు పక్కన నిలబడితే హిట్ కాస్తా అవుటవుతుంది. బంతిని తగిలించడం, చెడ్డ బంతిని వదలడం మాత్రం బ్యాటర్ సొంత ఆస్తి. మెట్టు మారినా అది చాలావరకు వెంట వస్తుంది. మూడోది బ్యాట్‌ను తాకాక బంతి వేగం. 2015 నుంచి అన్ని మేజర్ లీగ్ మైదానాల్లోనూ స్టాట్‌కాస్ట్ యంత్రాలు దాన్ని కొలుస్తున్నాయి. 95 మైళ్ళు దాటితే గట్టి దెబ్బ కింద లెక్క. మైనర్ మైదానాల్లోనూ రాడార్లు, కెమెరాలు అమరాయి. ఒకప్పుడు స్కౌట్ చెవితో విని పోల్చుకున్న బ్యాట్ చప్పుడు ఇప్పుడు అంకెగా వస్తోంది.

అంకెల పక్షానికీ వైఫల్యాలున్నాయి. 2002లో ఓక్లాండ్ గణాంకాలను నమ్మి 35వ పేరుగా తీసుకున్న క్యాచర్ జెరెమీ బ్రౌన్ మేజర్ లీగ్‌లో ఆడింది 5 ఆటలే. అదే ఏడాది 16వ పేరుగా తీసుకున్న నిక్ స్విషర్ 245 హోమ్ రన్లు కొట్టాడు. ఇద్దరి మధ్య గమనించాల్సిన తేడా ఒకటుంది. బ్రౌన్‌ను కోరుకున్నది అంకెలే. స్విషర్‌ను అంకెలూ కోరుకున్నాయి, పాత స్కౌట్ల కన్నూ కోరుకుంది.

పిచర్ల సంగతి వేరు

బ్యాటర్ గురించి చెప్పినదాంట్లో సగం పిచర్‌కు వర్తించదు. పిచర్‌లో చూసేవి ఫాస్ట్‌బాల్, ఒంపు తిరిగే బంతి, వేగం తగ్గించి మోసగించే ఛేంజప్, వీటన్నిటినీ కోరిన చోట పెట్టే అదుపు. కింది లీగుల్లో మంచి ఫాస్ట్‌బాల్ ఒక్కటుంటే చాలు, కుర్ర బ్యాటర్లు కుప్పకూలుతారు. డబుల్-ఎ చేరేసరికి బ్యాటర్లు దాన్ని పట్టేస్తారు. రెండో, మూడో బంతి లేనివాడి అంకెలు అక్కడ ఒక్కసారిగా పడిపోతాయి. మెట్లన్నిటిలోకీ ఆ మెట్టే అసలు పరీక్ష అని ఈ రంగంలో చాలామంది నమ్మేది అందుకే.

వీటన్నిటి పైన శరీరం. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ పిచర్ టామీ జాన్ మోచేతికి చేసిన శస్త్రచికిత్స అతని పేరుతోనే నిలిచిపోయింది. ఈ తరంలో వేగం కోసం పరుగు పెరిగినకొద్దీ ఆ శస్త్రచికిత్స మామూలైపోయింది. 1991లో యాంకీస్ మొట్టమొదటి పేరుగా తీసుకున్న బ్రియన్ టేలర్‌కు 15.5 లక్షల డాలర్లు ఇచ్చారు. 1993లో మైదానం బయట జరిగిన ఘర్షణలో అతని భుజం దెబ్బతింది. మేజర్ లీగ్ మెట్టు ఎక్కకుండానే అతని ఆట ముగిసింది. ఆ భుజాన్ని తప్పుగా అంచనా కట్టినవారు ఎవరూ లేరు. ఏ మార్కుల పట్టికలోనూ పట్టని సంగతి జరిగింది.

దీనికి మరో ముఖం కూడా ఉంది. జేకబ్ డిగ్రామ్ కాలేజీలో ఎక్కువగా షార్ట్‌స్టాప్. 2010లో 9వ రౌండ్‌లో మెట్స్ తీసుకున్న ఏడాదే మోచేతి శస్త్రచికిత్స జరిగింది. 2018, 2019ల్లో వరసగా రెండుసార్లు ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు. మరియానో రివెరా చాలాకాలం సన్నని, మామూలు వేగమున్న కుర్రాడు. 1995లో ట్రిపుల్-ఎలో ఉండగా అతని ఫాస్ట్‌బాల్ ఉన్నట్టుండి వేగం పుంజుకుంది. చివరికి 652 సేవ్‌లతో, ఒక్క ఓటూ తగ్గకుండా హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఎన్నికైన మొదటి ఆటగాడయ్యాడు. పిచర్ విషయంలో ఒక్క కుర్రాడి మీద ఆశలన్నీ పెట్టుకోవడం కంటే పదిమందిని సాకి ఇద్దరు నిలుస్తారని లెక్కవేసుకోవడం క్షేమం. తెలివైన సంస్థలు చేస్తున్నది అదే.

కొలతకు అందని ఒక గుణం

కన్నూ, అంకే పట్టుకోలేనిది ఒకటి మిగిలింది. స్కౌట్లు దాన్ని మేకప్ అంటారు. క్రమశిక్షణ, కష్టపడే తత్వం అని దాన్ని పైపైన అర్థం చెబుతుంటారు. నా ఉద్దేశంలో దాని అసలు సారం మారగలిగే శక్తి. మొక్కై వంగనిది మానై వంగునా అంటాం. బేస్‌బాల్‌లో అడగాల్సిన ప్రశ్న అదే: ఈ కుర్రాడు వంగుతాడా?

1994లో మైకేల్ జోర్డన్ బర్మింగ్‌హామ్ బారన్స్ తరఫున డబుల్-ఎ ఆడాడు. కష్టంలో, పట్టుదలలో అతన్ని మించినవాడు ఎవరు? 127 ఆటల్లో సగటు .202, 114 స్ట్రయిక్ అవుట్లు, దొంగిలించిన బేస్‌లు 30. పరుగు ఉంది, మనసు ఉంది. ఒంపు తిరిగే బంతిని గుర్తుపట్టడానికి చిన్నప్పటి నుంచి చూడాల్సిన వేల బంతుల అనుభవం లేదు. మన దేశం నుంచి వెళ్ళిన రింకూ సింగ్, దినేష్ పటేల్‌ల కథా ఇదే చెబుతుంది. 2008లో ఒక టీవీ పోటీలో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన ఈ ఉత్తరప్రదేశ్ జావెలిన్ కుర్రాళ్ళను పైరేట్స్ సంస్థ తీసుకుంది. రింకూ సింగిల్-ఎ దాకా ఎక్కాడు. బంతిని అంతకుముందు ముట్టని చెయ్యి అంత దూరం వెళ్ళడం చిన్న సంగతి కాదు. బలమైన చెయ్యి తలుపు తీస్తుంది, లోపల నిలబడడానికి ఏళ్ళ సాధన కావాలి.

పైకి వచ్చినవాళ్ళూ మొదట తడబడతారు. మైక్ ట్రౌట్‌ను 2009లో 25వ పేరుగా తీసుకున్నారు. 2011లో తొలి 40 ఆటల్లో అతని సగటు .220. తర్వాతి ఏడాది అతనే ఉత్తమ కొత్త ఆటగాడు, ఆ తర్వాత మూడుసార్లు లీగ్ అత్యుత్తమ ఆటగాడు. 2022లో మొదటి పేరుగా ఎంపికైన జాక్సన్ హాలిడే 2024 ఏప్రిల్‌లో దిగి 34 బ్యాటింగ్ అవకాశాల్లో 2 హిట్లు మాత్రమే కొట్టి వెనక్కి వెళ్ళాడు. మొదటి నెల చూసి తీర్పు చెప్పినవాళ్ళు ట్రౌట్ విషయంలో తప్పారు. హాలిడే విషయంలోనూ ఆ తొందర తగదు.

తూచి చూస్తే

ఫ్రిస్కోకే తిరిగి వద్దాం. 2020లో రేంజర్స్ రెండో రౌండ్‌లో ఎవన్ కార్టర్ అనే టెనెస్సీ హైస్కూల్ కుర్రాడి పేరు చదివినప్పుడు చాలామంది నిపుణులకు అతనెవరో తెలియదు. ఏ బంతి కొట్టాలో, ఏది వదలాలో మాత్రం అతనికి తెలుసు. 2023లో ఎక్కువ భాగం ఫ్రిస్కోలో ఆడి, సెప్టెంబరులో పైకి వెళ్ళి, 23 ఆటల్లో .306 కొట్టాడు. ఆ అక్టోబరు, నవంబరుల్లో రేంజర్స్ తొలి వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు జట్టులో ముఖ్యుడిగా నిలిచాడు. అప్పటికి వయసు 21. ఆ మరుసటి ఏడాది వెన్నునొప్పి వల్ల 45 ఆటలే ఆడాడు, సగటు .188. కార్టర్‌ను ఎంచుకున్న స్కౌట్ గెలిచాడా, ఓడాడా? ఒక్క మాటలో చెప్పలేం. అలా చెప్పమని అడగడమే తప్పు.

నూరేళ్ళ అనుభవం నుంచి నాకు తేలుతున్నది మూడు సంగతులు. ఒకటి, కుర్రాడు ఎంత సాధించాడన్నదాని కంటే ఏ వయసులో, ఏ మైదానంలో, ఎవరి మీద, ఏ విధంగా సాధించాడన్నది ముఖ్యం. కింద గెలిపించిన పనితనం పైన కూడా పనిచేస్తుందా అన్నదే అసలు ప్రశ్న. రెండు, కన్నుకీ అంకెకీ నడిచిన పోట్లాట అనవసరమైనది. రెండూ ఒకే మాట చెప్పినప్పుడు గట్టిగా నమ్మాలి, రెండూ విడిపోయినప్పుడు ఎందుకు విడిపోయాయో కూర్చుని వెతకాలి. ఖర్చు తగ్గుతుందని స్కౌట్లను తీసేసి తెరల ముందు కూర్చునే సంస్థలు తమ రెండు కళ్ళలో ఒకదాన్ని మూసుకుంటున్నాయి. సాధనలో క్లెమెంటే విసిరిన బంతి ఏ పట్టికలోనూ లేదు. మూడు, అంచనా అంటే ఒక అంకె కాకూడదు, ఒక పరిధి కావాలి. అన్నీ కలిసొస్తే ఎంత, మామూలుగా ఎంత, ఏమీ కలిసిరాకపోతే ఎంత అని మూడు మాటలూ చెప్పి, ఏటా తిరిగి దిద్దుకునేవాడే నిజాయితీగల స్కౌట్.

సామెత పూర్తిగా తప్పని అనను. సోటోలాంటి పువ్వులు పుట్టగానే పరిమళించాయి. రివెరా, డిగ్రామ్, పియాజాల్లో ఆ వాసన తెలియడానికి ఏళ్ళు పట్టింది. ఓపిక పట్టి నీళ్ళు పోసినవాళ్ళకే ఆ పూలు దక్కాయి.

ఈ వేసవిలో ఫ్రిస్కోలోనో, మీ ఊరికి దగ్గరున్న మరో మైనర్ లీగ్ మైదానంలోనో మీ పిల్లలతో కూర్చున్నప్పుడు, స్కోరుబోర్డు మీంచి కాసేపు చూపు తిప్పండి. ఒక్క కుర్రాడిని ఎంచుకోండి. రెండు స్ట్రయిక్‌లు పడ్డాక పక్కకు జారే బంతి వచ్చినప్పుడు అతను బ్యాట్ ఆపుకున్నాడా, లేదా? మొదటిసారి మోసపోతే రెండోసారి ఏం చేశాడు? ఆ రెండో బంతిని గమనించండి. మేజర్ లీగ్‌కు వెళ్ళే దారి చాలామంది విషయంలో అక్కడే మొదలవుతుంది.